ఫిద్వీకి బదులు ఫఖత్

మొన్న మా మనుమరాలు మేడ్చల్ బస్టాండు పక్కనున్న కంప్యూటర్ సెంటర్ నుంచి రెండు కాగితాలు పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. మందుల ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగానికి రాసుకున్న రెజ్యూమె. నాకు చూపించింది సలహా కోసం కాదు, అక్షరదోషాల కోసం. డెబ్బై దాటిన తాతలకు ఇంట్లో మిగిలే అధికారం అంతవరకే. పెన్సిలు తీసుకుని మొదటి వాక్యం చదివాను. ఇంగ్లీషు బాగానే ఉంది కానీ కర్త లేదు. పక్కన గీత పెట్టాను. రెండో వాక్యానికీ కర్త లేదు, మూడో దానికీ లేదు. పరీక్షలు జరిగాయి, నివేదికలు తయారయ్యాయి, ఇద్దరు కొత్తవాళ్ళకు శిక్షణ అందింది. ఇవన్నీ ఎవరు చేశారో మాత్రం కాగితం చెప్పదు. "ఎవరు చేశారమ్మా ఈ పనులన్నీ?" అన్నాను. "అయ్యో తాతా, నేనే జేసిన. గని రెజ్యూమెల 'ఐ' అని రాయొద్దంట. మా సార్ జెప్పిండు. రాస్తె గర్వమున్నట్టు కొడ్తదంట" అని నా చేతిలోంచి పెన్సిలు లాక్కుంది. మా ఇంట్లో 'నేను' అనే మాట లేకుండా ఉద్యోగానికి కాగితం రాసుకున్న మొదటి మనిషి ఈ పిల్ల కాదు. ఆ పని యాభై ఏళ్ళ కిందట మా అక్క చేసింది. ఆమె గర్వానికి భయపడి చేయలేదు, గర్వంతోనే చేసింది.

ఆ రోజుల సంగతి తెలియనివారికి కొంచెం చెప్పాలి. అప్పుడు మా రాజ్యంలో కచ్చేరీల భాష ఉర్దూ. సర్కారుకు దరఖాస్తు పెట్టుకునే మనిషి తనను తాను 'మై', అంటే 'నేను', అనుకోకూడదు. మగవాడైతే 'ఫిద్వీ' అని రాయాలి, అంటే తమకోసం ప్రాణమిచ్చే సేవకుడు అని. ఆడదైతే 'కనీజ్' అని రాయాలి, అంటే దాసీపిల్ల అని. ఫిద్వీ మిడిల్ పాసయ్యాడు, ఫిద్వీకి ముగ్గురు పిల్లలు, ఫిద్వీ బర్రె చచ్చిపోయింది అంటూ, ఒంట్లోంచి బయటికొచ్చి పక్కన నిలబడి తన మీద తానే చాడీ చెప్పుకుంటున్నట్టు ఉండేవి ఆ కాగితాలు. పాలకులు పరభాషవాళ్ళు కాబట్టి ఇలా ఉందని నాతో వాదించేవారుండేవారు. అది అబద్ధం. దొర గడీ ముందు మన తెలుగులోనే 'నీ బాంచెన్' అంటూ వంగలేదా? గుడిలో దాసోహం అనలేదా? మనిషి నడుము వంచడానికి మన భాషలన్నీ ఒకదానికొకటి బాగానే సాయం చేసుకున్నాయి. పట్నంలో చదువుకుంటున్న పందొమ్మిదేళ్ళవాణ్ణి నేను. ఒక పఠన మందిరంలో ఆదివారం చర్చల్లో బల్ల గుద్ది ఈ మాటలన్నీ చెప్పేవాణ్ణి. చప్పట్లు కొట్టేవారు. సోమవారం స్కాలర్‌షిప్పు దరఖాస్తు మొదట 'ఫిద్వీ' అని అందంగా రాసి ఇచ్చేవాణ్ణి. ఈ రెండింటి మధ్య ఏదో తేడా ఉందని నాకు తోచనే లేదు.

మాది గౌడవెల్లి. అక్క నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. పేరు చెప్పను గాని రత్నం, మాణిక్యం లాగా మా వైపు మగపిల్లలకూ ఆడపిల్లలకూ తేడా లేకుండా పెట్టే పేర్లలో ఒకటి. ఈ సంగతి ముందుముందు పనికొస్తుంది. బావ షోలాపూర్ మిల్లుకు పోయాడు. కొన్నాళ్ళు కార్డులు రాశాడు, తర్వాత అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడని కబురొచ్చింది. అక్క పుట్టింటికొచ్చి ఏడవలేదు. నా పాత పుస్తకాలు దులిపి ముందేసుకుంది. పెళ్ళికి ముందు నాలుగో తరగతి దాకా చదివిన ఉర్దూ మీద ఇంకో నాలుగేళ్ళ చదువు ఎక్కించి, ప్రైవేటుగా మిడిల్ పరీక్ష పాసయింది. మధ్యాహ్నాలు మా అరుగు మీద ఎనిమిదిమంది ఆడపిల్లలకు రెండు భాషల్లోనూ అక్షరాలు దిద్దించేది. ఇంతలో మచ్చ బొల్లారం నుంచి బావ వాళ్ళన్న దిగాడు. ఆయనకు ఆరుగురు పిల్లలు, భార్యకు కీళ్ళవాతం. "తమ్ముడు లేకపోతే ఏమాయె, పిల్ల మా ఇంటిది. తోల్కపోత" అన్నాడు. తీసుకుపోయేది నీళ్ళు తోడడానికి, వండిపెట్టడానికి అని ఇంట్లో అందరికీ తెలుసు. నాయిన మెత్తని మనిషి, ఎవరికీ కాదనలేడు. "దసరా దాక ఆగు. గీలోపు పిల్లకు ఏదన్న నౌకరీ దొరికితె సరే. లేకుంటె నువ్వన్నట్టె కానీ" అన్నాడు. అప్పటికి దసరా రెండు నెలలు లేదు.

మేడ్చల్ కచ్చేరీ గోడ మీద ఒక ప్రకటన చూశాను. శామీర్‌పేట బడికి రెండు భాషలూ వచ్చిన పంతులు ఒకరు కావాలి. ఇంటికొచ్చి ఊరి కబుర్లలో కబురుగా చెప్పాను. అక్క చాటలో బియ్యం ఏరుతోంది.

"మొగోల్లకే అని రాసిండ్రా?"

"రాయలేదు. ఆడవాళ్ళు అడుగుతారని వాళ్ళకెందుకు తోస్తుంది?"

"రాయలేదు గద. అయితె లెవ్వు, కాగితం తే."

తెచ్చాను, రాశాను. చదివి వినిపించు అంది. మొదటి వాక్యంలోనే చెయ్యెత్తింది. "కనీజ్ అంటే ఏంది తమ్మీ?" ఆమెకు తెలియక కాదు, నా నోటితో చెప్పించాలని. దాసీపిల్ల అని అర్థమనీ, అది ఉత్త మర్యాద మాట అనీ, అందరూ రాస్తారనీ సణిగాను. "మర్యాద ఎవలికి? నాకా, వాల్లకా?" అంది. తర్వాత ఇంకో మాట అంది. అది నేను ఇన్ని వ్యాసాలు రాసినా, ఇన్ని సభల్లో మాట్లాడినా నన్ను వదలలేదు. "పట్నంల సభల పులివంట. కాగితం మీద బాంచెవా?" మూలన కూర్చున్న అవ్వకు, అంటే మా అమ్మకు, విషయం అర్థం కాకపోయినా నవ్వొచ్చింది. అక్క ఆ కాగితం మడిచి పొయ్యిలో పెట్టింది.

మర్నాడు పొద్దున ఇద్దరం రైలుకట్ట వెంట నడిచి మేడ్చల్ పోయాం. కచ్చేరీ గేటు ముందు చాప మీద కూర్చుని దరఖాస్తులు రాసే మున్షీ సాబ్ ఒకాయన ఉండేవాడు. అలియాబాద్ మనిషి. చిన్న చెక్కపెట్టె, రెల్లు కలం, మసిబుడ్డి ఆయన దుకాణం. తాలూకాలో సగంమంది కష్టాలు ఆయన చేతిమీదుగానే సర్కారుకు చేరేవి. తాను రాసిన దరఖాస్తు చదివి ఒక తహసీల్దారు కళ్ళు తుడుచుకున్నాడని చెప్పుకునేవాడు. మాకు తెలిసి ఆ తహసీల్దారుకు కళ్ళకలక. అక్క ఆయన ముందు కూర్చుని తన షరతు చెప్పింది. కనీజ్ అని ఉండొద్దు, ఫలానావాడి భార్య అని కూడా ఉండొద్దు.

"క్యా బేటీ? తల నక్కో, తోక నక్కో. రెండూ వద్దంటె ఇగ దరఖాస్తుల ఏముంటది?"

"చదువుంటది చాచా. జేసిన పని ఉంటది."

"అయితె కనీజ్ తావుల ఏం రాయాలె?"

"మై అని రాయుండ్రి."

మున్షీ సాబ్ కలం కింద పెట్టేశాడు. నోట్లో తమలపాకు ఒక పక్కకు తోసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "బిడ్డా, కోటల ఉన్న హుజూర్ మై అంటడనుకుంటున్నవా? ఆయన 'మా బదౌలత్' అంటడు, అంటె 'ప్రభువులం మేము' అని. కిందున్నోల్లం ఫిద్వీ అంటం. మై అనేటోడు గీ ముల్కుల ఒక్కడు గూడ లేడు. నువ్వొక్కదానివి అంటే చప్రాసీ గూడ కాగితం లోపటికి తీస్కపోడు."

ఆ మాటకు నేను డీలా పడ్డాను. ఇంటికి పోదామన్నట్టు అక్కవైపు చూశాను. ఆమె చాప మీద ఇంకొంచెం సర్దుకుని కూర్చుంది. "సరె, మై వద్దు. కనీజ్ వద్దు. ఏదీ వద్దు. ఎవలన్న నన్ను ఏం జదివినవే అంటే, 'మిడిల్ దాక చదివిన' అంట. నేను అన్ననా? అనలె. నేను అనకున్న మీకు తెల్వలేదా? గట్లనే రాయుండ్రి."

"తెలుగుల నడుస్తది బేటీ. ఉర్దూల..." అంటూ మున్షీ సాబ్ ఆగిపోయాడు. కలం మళ్ళీ తీసుకుని ఒక చిత్తుకాగితం మీద మెల్లగా రాశాడు, రాసింది పైకి చదివాడు: "మిడిల్ తక్ తాలీమ్ పాయీ." మిడిల్ దాకా చదువు పొందడమైంది. ఇంకోటి రాశాడు: "ఆఠ్ లడ్కియోఁ కో పఢ్నా లిఖ్నా సిఖాయా." ఎనిమిదిమంది ఆడపిల్లలకు చదవడం రాయడం నేర్పడమైంది. ముందు ఉండాల్సిన 'నేను', ఆ 'మై నే', తీసేసినా వాక్యం కూలిపోలేదు. నిలబడే ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఫిద్వీ కట్టెమీద ఆనించి వాక్యాలు నిలబెట్టిన మనిషి, కట్టె లేకుండా నిలబడ్డ ఆ వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు. "వారెవ్వా! గింతకాలం గీ ముచ్చట నాకెందుకు తోచలే?" అని తొడ చరుచుకున్నాడు.

ఇక ఆయనకు పట్టుదల వచ్చింది. పక్కన ఇద్దరు రైతులు వచ్చి నిలబడితే "ఆగుండ్రి జర, జల్దీ ఏముంది, మీ భూములు ఏడికి పోతయ్" అని గదిమాడు. అడ్డం పడిందల్లా ఒక్కచోట. పిలిస్తే హాజరవుతాను అని రాయాలంటే ఉర్దూలో ఆడది చెప్పే తీరు వేరు, మగవాడు చెప్పే తీరు వేరు. 'నేను' అనే మాట లేని చోట కూడా క్రియ చివర ఆడో మగో తొంగిచూస్తుంది. దాన్ని కూడా కోసేసి, "బులానే పర్ హాజిరీ మంజూర్" అన్నాడు. పిలిస్తే హాజరు, ఒప్పుకోలు. జరిగిపోయిన పనుల వాక్యాలకు ఆ తంటా లేదు. వాటిలో క్రియ చేసిన మనిషిని బట్టి మారదు, చేసిన పనిని బట్టి మారుతుంది. ఒక భాష తన వ్యాకరణంలో ఇంత న్యాయం దాచుకుని, కచ్చేరీలో మాత్రం మనుషుల చేత ఫిద్వీ అనిపించిందని నాకు ఆనాడు తోచలేదు. చాలా ఏళ్ళ తర్వాత తోచింది.

సాఫు ప్రతి రాయడం మొదలైంది. అందమైన దస్తూరీ. చివరి వాక్యం ముగిసింది. సంతకానికి ముందు, ఎడమ మూల, ఎప్పుడూ 'ఫిద్వీ' ఉండే చోటికి కలం దానంతటదే పోయింది. 'ఫే' అక్షరం పడింది, పైన చుక్క కూడా పడింది. అక్క ఆయన మణికట్టు పట్టుకుంది. పరాయి మగవాడి చెయ్యి, పట్టపగలు, కచ్చేరీ గేటు ముందు. రైతులు నోళ్ళు తెరిచారు.

"చాచా! బాంచె మల్ల వస్తున్నడు."

"తోబా తోబా. చెయ్యి అలవాటు బిడ్డా, నేను రాయలే, చెయ్యి రాసింది" అన్నాడు ఆయన, నిజంగానే సిగ్గుపడి. కాగితం పాడైంది, మళ్ళీ అంతా రాయాలనుకున్నాను. మున్షీ సాబ్ కాగితం దగ్గరికి లాక్కుని ఆ ఒంటి అక్షరాన్ని చూశాడు. తర్వాత దాని పక్కన ఇంకో రెండు అక్షరాలు కలిపాడు. ఫిద్వీ కావలసింది 'ఫఖత్' అయింది. ఉత్తరం ముగిసిందని చెప్పడానికి చివర రాసే మాట. అంతే, ఇక ఏమీ లేదు అని అర్థం. "చూసినవా? గీ ఫే నుంచి రెండు తొవ్వలున్నయ్. గింత వయసొచ్చింది, ఎప్పుడు ఒక్క తొవ్వనే పోయిన" అన్నాడు. దాని కింద అక్క తన పేరు రాసింది. తండ్రి పేరు లేదు, మొగుడి పేరు లేదు. పేరు, ఊరు, ఫఖత్.

మూడు వారాలకు జవాబొచ్చింది. తపాలా జవాను మా వాకిట్లో నిలబడి, ఈ ఇంట్లో సాబ్ ఎవరని అడిగాడు. లిఫాఫా మీద అక్క పేరుకు ముందు 'జనాబ్', వెనక 'సాహబ్' ఉన్నాయి. కనీజ్ లేదు, ఫలానావాడి భార్య అని లేదు, పేరు ఎటూ చెప్పదు. దఫ్తరులో ఎవరో గుమాస్తా, ఆడదని రాయలేదు కాబట్టి మగవాడే అని తీర్మానించుకున్నాడు. అవ్వ పడీపడీ నవ్వింది. "ఓ సాబూ, జర ఆ బిందెతోటి నీల్లు తెస్తవా?" అని సాయంత్రం దాకా అదే పాట. నాయినకు మాత్రం భయం పట్టుకుంది. "సర్కార్‌ను మోసం జేసినట్టయితదేమో బిడ్డా. పోవద్దు" అన్నాడు. అక్క లిఫాఫా చూపించింది. "నాయినా, గీ సాబ్ అని నేను రాసిన్నా? వాల్లు రాసుకున్నరు. పిలిస్తె హాజరైత అని మాటిచ్చిన. పోవాలె."

శామీర్‌పేట బడిలోనే పరీక్ష. పొద్దున్నే ఎడ్లబండి కట్టించుకుని పోయాం. అరుగు మీద ముగ్గురు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు, ముగ్గురికీ షేర్వానీలు. అక్కను చూసి ఎవరో పిల్లవాడి తల్లి అనుకుని కొంచెం జరిగారు. లోపల బల్ల వెనక బడుల ఇన్‌స్పెక్టరు. గుమాస్తా గడప దగ్గర నిలబడి, జనాబ్ ఫలానా సాహబ్ అని అక్క పేరు పిలిచాడు. అక్క లేచింది.

"నిన్ను గాదమ్మా, సాబ్‌ను పిలుస్తున్న. మీ ఆయనొచ్చిండా?"

"ఆయన రాలె. షోలాపూర్ల ఉన్నడు. దరఖాస్తు ఆయన పెట్టలె."

ఇన్‌స్పెక్టరు తలెత్తాడు. కళ్ళద్దాల మీదుగా మా ఇద్దరినీ చూశాడు. దరఖాస్తు చేతిలోకి తీసుకుని, మెల్లగా, చాలా మర్యాదగా అడిగాడు: "తో ఫిర్, కిస్ నే దీ?" అయితే ఎవరు పెట్టారు?

"మై నే" అంది అక్క.

ప్రతి వాక్యం మొదట మున్షీ సాబ్ తీసేసిన ఆ రెండు మాటలు. కాగితంలో ఒక్కచోట కూడా లేని ఆ రెండు మాటలు గదిలో అందరికీ వినిపించాయి. చెప్పినప్పుడు ఆమె తల దించలేదు. ఇన్‌స్పెక్టరు దరఖాస్తంతా మళ్ళీ చదివాడు. ఆడది ఎక్కడ దాక్కుందో వెతుకుతున్నట్టు ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి చదివాడు. "ఔరత్ అని ఎక్కడా రాయలేదేం?" అన్నాడు. అక్క తెలుగులోనే జవాబిచ్చింది. "మీరు అడగలేదు సాబ్. ఏం జదివినవ్, ఏం జేసినవ్ అని అడిగిండ్రు. గవి రాసిన. గండ్ల ఒక్క అబద్ధముంటె చూపెట్టుండ్రి, ఇంటికి పోత." చివరి ఫఖత్ దగ్గర ఆయన వేలు ఆగింది. మొదటి అక్షరం మిగతావాటికన్నా కాస్త లావుగా, కలం అక్కడ ఆగి మళ్ళీ కలిపిన అతుకు కనిపిస్తూ ఉంది. ఆ అక్షరం అసలు ఎక్కడికి బయల్దేరిందో ఆయనకు అర్థమైందనే నా నమ్మకం. ఆయన పెదవి ఒక పక్కకు కదిలింది.

పిల్లలకు పాఠం చెప్పి చూపించమన్నాడు. గదినిండా మగపిల్లలు, వెనకవరసలో కిచకిచలు. అక్క ముందు బెంచీవాణ్ణి లేపింది. "పొద్దుగాల ఏం జేసినవ్‌రా?" "బర్లను చెర్వుకు కొట్టుకపోయిన" అన్నాడు వాడు. ఆ మాటే నల్లబల్ల మీద తెలుగులో రాసి, కింద ఉర్దూలో రాసి, అందరిచేతా చదివించింది. తర్వాత ఇంకొకణ్ణి లేపింది. కాసేపటికి కిచకిచలు పోయి, నన్ను లేపు నన్ను లేపు అని గోల. షేర్వానీవాళ్ళలో ఇద్దరు కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నారు.

హుకుం దసరాకు ముందు వారం వచ్చింది. మొదట తాత్కాలికమే అన్నారు, తర్వాత అది ఎవరూ మార్చకుండానే స్థిరమైపోయింది. అందులోనూ జనాబ్, సాహబ్ అలాగే ఉన్నాయి. దిద్దలేదో, దిద్దొద్దని ఎవరైనా చెప్పారో మాకు తెలియదు. దసరా మర్నాడు బావ వాళ్ళన్న బండి కట్టుకొచ్చాడు. నాయిన హుకుం ఆయన చేతిలో పెట్టాడు, ఆయనకు చదవడం రాదు కాబట్టి నేను చదివి వినిపించాను. "గిది మొగోని నౌకరీ గద" అన్నాడాయన. "హౌ. చేసేది మాత్రం నేను" అంది అక్క. ఆయన మంచినీళ్ళు తాగి ఖాళీ బండితో మచ్చ బొల్లారం తిరిగిపోయాడు.

రాజ్యం పోయింది. కచ్చేరీల్లోంచి ఉర్దూ పోయింది, ఫిద్వీ పోయాడు. సంతోషించేలోపు ఇంగ్లీషులో 'అత్యంత విధేయ సేవకుడు' వచ్చి సంతకం పైన అదే చోట కూర్చున్నాడు. తర్వాత తెలుగులో 'తమ విధేయుడు'. దాస్యాన్ని ఎండగడుతూ అన్ని వ్యాసాలు రాసిన నేను, సెలవు కావలసినప్పుడల్లా ఆ విధేయుణ్ణి పిలిచి సంతకం పెట్టించాను. ఈ మాట ఎక్కడా రాయలేదు, ఇక్కడ రాస్తున్నాను. అక్క మాత్రం పదవీ విరమణ కాగితం దాకా చివర ఒక్కటే రాసింది, మూడక్షరాలు, ఫఖత్. తెలుగు దఫ్తరులో కొత్త గుమాస్తాలు అది ఆమె ఇంటిపేరు అనుకునేవారట.

మనుమరాలు పెన్సిలు తిరిగి తెచ్చిచ్చి, "తాతా, తప్పులు సూసినవా?" అంది. నేను పెట్టిన గీతలన్నీ రబ్బరుతో చెరిపేశాను. పనులు వాటంతటవి నిలబడే వాక్యాలవి, వాటికి నా గీతలు అక్కర్లేదు. "ఇంటర్వ్యూలో ఇవన్నీ ఎవరు చేశారని అడుగుతారు. గర్వమనుకుంటారని అప్పుడు నసగొద్దు" అన్నాను. "ఎందుకు నసుగుత? నేనే గద జేసింది" అంది, నా ముఖం వైపు వింతగా చూస్తూ. యాభై ఏళ్ళలో కాగితం మారింది, కలం మారింది, భాష రెండుసార్లు మారింది. 'కిస్ నే దీ' అని అడిగే ఆ గొంతు మాత్రం ఎక్కడో ఒక బల్ల వెనక ఇంకా కూర్చునే ఉంది, జవాబు చెప్పేవాళ్ళు తరానికొకరు గడప దాటి లోపలికి వెళుతూనే ఉన్నారు. ఫఖత్.